తిత్తి పట్టే ముందు వేళ్లు తిరగాలి

పాఠకుల సందేహాలు: స్కాటిష్ బ్యాగ్‌పైప్

జనవరి 26 పరేడ్ అయ్యాక ప్రతి ఏడూ కొన్ని ఉత్తరాలు వస్తాయి. పోలీసు బ్యాండులో భుజం మీద గొట్టాలు నిలబెట్టి వాయించే ఆ వాద్యం ఎలా నేర్చుకోవాలని అడుగుతారు. ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఎక్కువ వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

అయిదేళ్లు నాదస్వరం నేర్చుకున్నాను. బ్యాగ్‌పైప్‌కు అది పనికొస్తుందా? మొదట ఏం కొనాలి? (తిరుచానూరు)

సగం పనికొస్తుంది, సగం అడ్డొస్తుంది. చెవి, తాళం, వేళ్ల మీద అదుపు మీకు ముందే ఉన్నాయి కాబట్టి మొదటి మెట్లు చకచకా ఎక్కేస్తారు. అడ్డొచ్చేవి రెండు అలవాట్లు. నాదస్వరంలో పీక మీ పెదవుల మధ్యే ఉంటుంది. పెదవి బిగించీ సడలించీ స్వరాన్ని కదిలిస్తారు, తుత్తుకారంతో ఒక స్వరాన్ని ఇంకో స్వరం నుంచి విడదీస్తారు. బ్యాగ్‌పైప్‌లో ఆ పీకలాంటి రీడ్ గొట్టం లోపల దాగి ఉంటుంది. దానికి పెదవీ తగలదు, నాలుకా తగలదు. తిత్తిలోకి గాలి నింపడమొక్కటే నోటి పని. రెండోది, రంధ్రాన్ని సగం మూసి గమకం పలికించే అలవాటు. ఇక్కడ మూస్తే పూర్తిగా మూయాలి, తీస్తే పూర్తిగా తీయాలి.

భాగాలు తెలిస్తే ఏం కొనాలో తేలిగ్గా అర్థమవుతుంది. ఎడమ చంక కింద తిత్తి ఉంటుంది. దానికి ఒక ఊదే గొట్టం, ఊదిన గాలి వెనక్కి రాకుండా ఆ గొట్టం చివర ఒక కవాటం ఉంటాయి. వేళ్లాడేది చాంటర్ అనే రంధ్రాల గొట్టం మీద. భుజం మీద నిలిచే మూడూ డ్రోన్లు. మన కచేరీలో ఒత్తు పట్టినవాళ్లు చేసే పనే డ్రోన్లూ చేస్తాయి: రెండు టెనర్ డ్రోన్లు చాంటర్ షడ్జమానికి ఒక స్థాయి కింద, బాస్ డ్రోన్ రెండు స్థాయిల కింద ఆగకుండా మోగుతుంటాయి. చాంటర్‌లో నాదస్వరం పీకలాగే జంట రీడ్, డ్రోన్లలో ఒంటి నాలుక రీడ్లు.

ఇవేవీ ఇప్పుడు కొనకండి. ప్రాక్టీస్ చాంటర్ ఒక్కటే కొనండి. తిత్తి, డ్రోన్లు లేని సన్నటి గొట్టం అది. నోట్లో పెట్టుకుని నేరుగా ఊదుతారు. అసలు చాంటర్ కన్నా ఒక స్థాయి కింద, మెల్లగా పలుకుతుంది. స్కాట్లాండ్ పేరున్న తయారీదారుల ప్లాస్టిక్ ప్రాక్టీస్ చాంటర్లు సుమారు 60 నుంచి 100 పౌండ్ల మధ్య దొరుకుతాయి. కొరియర్, కస్టమ్స్ సుంకం అదనం. పెద్దవాళ్లు పొడుగు రకమే తీసుకోవాలి. తర్వాత చేతికొచ్చే అసలు చాంటర్ మీది రంధ్రాల ఎడానికి అదే దగ్గర. రోజూ సాధన చేసినా దీని మీదే ఆరు నెలల నుంచి ఏడాది గడుస్తుంది. తిత్తి చేతికొచ్చాక మనసంతా గాలి మీదే ఉంటుంది కాబట్టి, అప్పటికే వేళ్లు వాటంతటవి తిరుగుతూ ఉండాలి.

సార్, నెట్లో పైపులు, తిత్తి, రీడ్లు, సంచీ అన్నీ కలిపి కొన్ని వేలకే ఇస్తామంటా ఉండారు. తీసుకోవచ్చునా? (పలమనేరు)

వద్దండీ. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ బ్యాగ్‌పైపుల తయారీకి లోకమంతా తెలిసిన ఊరు, మన మీరట్ బ్యాండు వాద్యాలకు పేరుపడ్డది. ఆ ఊళ్లలోనూ మంచి పనివాళ్లున్నారు. సమస్య ఊరిది కాదు, గోడకు వేలాడదీసే అలంకారం లెక్కన చేసి అమ్మే సెట్లది. వాటిలో చాంటర్ రంధ్రాలు ఉండాల్సిన చోట ఉండవు, జాయింట్లు గాలి వదులుతాయి, రీడ్ చెక్కముక్కలా బిరుసుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు తప్పు తమదో వాద్యానిదో తెలియదు. మూడు నెలలు తంటాలు పడి, ఇది మనవల్ల కాదని వదిలేస్తారు. అలా పోగొట్టుకున్న ఉత్సాహాన్ని మళ్లీ ఎక్కడా కొనలేం.

వాయించదగ్గ పూర్తి సెట్టు కొత్తది సుమారు వెయ్యి పౌండ్లు, ఆ పైన ఉంటుంది. ఎవరైనా పాతది అమ్ముతుంటే రెండు పరీక్షలు చేయండి. చాంటర్ మీద కింది స, పై స ఊది ఫోన్‌లో శ్రుతి చూపే ట్యూనర్‌తో చూడండి. రెంటి మధ్య సరిగ్గా ఒక స్థాయి ఉండాలి. తర్వాత గొట్టాలన్నీ తీసేసి, ఊదే గొట్టం ఒక్కటి ఉంచి, మిగతా మూతులకు రబ్బరు బిరడాలు బిగించి తిత్తిని గట్టిగా నింపండి. అర నిమిషం తర్వాత కూడా అది బండరాయిలా బిగుసుకునే ఉండాలి. మెత్తబడిందంటే ఎక్కడో గాలి పోతోంది.

వేళ్లు ఎలా పెట్టాలి? పుస్తకంలో లో జీ, లో ఏ అని ఉంది. మాకు సరిగమలే తెలుసు. (చంద్రగిరి)

సరిగమల్లోనే చెప్పుకుందాం. చాంటర్ మీద పలికేవి తొమ్మిదే స్వరాలు. పుస్తకంలోని లో ఏని షడ్జమం అనుకోండి. పైకి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, తార షడ్జమం వస్తాయి. షడ్జమం కింద మంద్ర కైశికి నిషాదం ఒక్కటి ఉంటుంది. అదే లో జీ. మొత్తం అచ్చంగా హరికాంభోజి మేళం. పుస్తకంలో సీ, ఎఫ్ అని మామూలుగా రాసినా పలికేది షార్పే. దాన్ని చూసి గాంధారం, ధైవతం తగ్గించుకోకండి.

ముందువైపు ఏడు రంధ్రాలు, వెనక ఒకటి. ఎడమ చెయ్యి పైన ఉండాలి. మీకు నాదస్వరం మీదో వేణువు మీదో వేరే అలవాటున్నా ఇక్కడ మార్చుకోక తప్పదు. ఎడమ బొటనవేలు వెనక రంధ్రం మీద, చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు ముందువైపు పై మూడింటి మీద ఉంటాయి. ఎడమ చిటికెనవేలికి పనిలేదు. కింది నాలుగు రంధ్రాలూ కుడిచేతి నాలుగు వేళ్లవి. కుడి చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు వంచకుండా చాచి, మొనలతో కాక నడిమి కణుపుల కండతో మూయాలి; చిటికెనవేలితో మాత్రం చివరి కణుపు కండతో మూయాలి.

అన్నీ మూస్తే మంద్ర ని. కుడి చిటికెనవేలు లేపితే స. దాంతోపాటు ఉంగరపువేలూ లేపితే రి. గ దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు: కుడి నడిమి, ఉంగరపు వేళ్లు లేచి ఉండాలి, చిటికెనవేలు మాత్రం మళ్లీ కిందికి దిగాలి. కుడి చూపుడువేలు కూడా లేపితే మ. చిటికెనవేలు కిందే ఉంటుంది. ప దగ్గర చేతులు మారతాయి: కుడి మూడు వేళ్లు మూసి, చిటికెన లేపి, ఎడమ ఉంగరపువేలు లేపాలి. అక్కడి నుంచి పై వరకు కుడిచెయ్యి అలాగే ఉంటుంది. ఎడమ నడిమివేలూ లేస్తే ద, చూపుడువేలూ లేస్తే ని. పై స కోసం వెనక బొటనవేలు తీయాలి, ఎడమ ఉంగరపువేలు మళ్లీ మూయాలి.

మొదటి వారం మంద్ర ని ఒక్కటే ఊదినా నష్టం లేదు. అది స్వచ్ఛంగా పలికిందంటే ఎనిమిది రంధ్రాలూ మూసుకున్నట్టే. పలక్కపోతే వేళ్లు తీసి వాటి మీద పడిన అచ్చులు చూసుకోండి. రంధ్రం అచ్చు పూర్తి వృత్తంలా పడాలి. ఏ వేలి మీద చంద్రవంకలా పడిందో గాలి కారేది అక్కడే. సాధారణంగా ఎడమ ఉంగరపువేలో, కుడి చిటికెనవేలో దొరుకుతుంది. మూయడానికి బలంగా నొక్కకండి. గట్టిగా నొక్కిన వేలు త్వరగా లేవదు.

జంట స్వరాలు వాయించబోతే ‘సస రిరి’ రెండూ కలిసిపోయి పొడుగు స్వరంలా వినిపిస్తున్నాయి. (పుత్తూరు)

మీ తప్పు లేదు. ఈ వాద్యంలో నాదం ఆగదు, నాలుకతో ఆపలేం. రెండు స మధ్య గీత గీయాల్సింది వేలే. ఎడమ చూపుడువేలిని ఒక్క క్షణం పైకి చిమ్మి మూసేయండి. చెవికి ఒక స్వరంలా కాక చిన్న చిటుకులా వినబడాలి. పైపర్లు దీన్ని జీ గ్రేస్‌నోట్ అంటారు. కుడి చూపుడువేలితో చేసేది డీ గ్రేస్‌నోట్, ఎడమ ఉంగరపువేలితో చేసేది ఈ గ్రేస్‌నోట్. ఈ మూడూ వచ్చాకే వీటిని గుచ్ఛాలుగా కలిపే డబ్లింగ్, గ్రిప్, టోర్లువా, బర్ల్ నేర్చుకోవాలి. తొందరపడి వాటిలోకి దూకితే తర్వాత విడదీసి సరిచేసుకోవడానికి ఏడాది పడుతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం, ప్రతి స్వరం ముందూ ఒక జీ గ్రేస్‌నోట్ చొప్పున రోజుకు పది నిమిషాలు వాయించండి. వేలు ఎత్తు తక్కువైనా పర్లేదు, వేగం తగ్గకూడదు.

స్కాట్లాండ్ పాతతరం గురువులు ఈ అలంకారాలను కాగితం మీద కాక నోటితో పాడి నేర్పేవారు. ఏ పలుకు వింటే ఏ వేలు కదలాలో శిష్యుడికి తెలిసిపోయేది. జతులు నోటికి వచ్చాకే మృదంగం మీద చెయ్యి వేయనిచ్చే మన పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. గ్రేస్‌నోట్‌కు మీరే ఒక పలుకు పెట్టుకుని పాడుకోండి, వేలు దానంతటదే వెంట వస్తుంది.

మ నుంచి ప కి వెళ్లేటప్పుడు మధ్యలో ‘కిర్రు’మని ఇంకేదో స్వరం దూరుతోంది. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

దీన్ని క్రాసింగ్ నాయిస్ అంటారు. పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు వెతికేది దీన్నే. మ నుంచి ప కి అయిదు వేళ్లు ఒకే క్షణంలో మారాలి: కుడిచేతి మూడు వేళ్లు దిగాలి, చిటికెనవేలు లేవాలి, ఎడమ ఉంగరపువేలు లేవాలి. కుడి మూడు వేళ్లూ ముందే దిగిపోయి మిగతా రెండూ ఆలస్యమైతే ఆ క్షణంలో అన్ని రంధ్రాలూ మూసుకుపోతాయి. మంద్ర ని తొంగి చూస్తుంది. మీరు విన్న కిర్రు అదే.

మందు ఒకటే, వేగం తగ్గించడం. మ మీద నాలుగు దెబ్బలు ఆగండి, ప మీద నాలుగు ఆగండి. మార్పు మాత్రం ఒక్క కుదుపులో జరగాలి. నెమ్మదిగా వాయించమంటే వేళ్లను నెమ్మదిగా కదపమని కాదు. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంతో వింటే దూరిన స్వరం స్పష్టంగా దొరికిపోతుంది. రి నుంచి గ కి, ప నుంచి పై స కి వెళ్లేచోట కూడా ఇదే బాధ ఉంటుంది, ఇదే చికిత్స.

ప్రాక్టీస్ చాంటర్ మీద ఎనిమిది పాటలు వచ్చాయి. అసలు పైపులు తీసుకుంటే రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయి. స్వరం కూడా పైకీ కిందికీ ఊగుతోంది. (రేణిగుంట)

మీరు మూడు డ్రోన్లూ ఒకేసారి తెరిచి ఉంటారు. రెండు డ్రోన్లకు బిరడాలు పెట్టి, చాంటర్‌తో పాటు ఒక్క టెనర్‌తోనే మొదలుపెట్టండి. అదీ కష్టమైతే తిత్తికి ప్రాక్టీస్ చాంటర్ బిగించి, డ్రోన్లు లేకుండా వాయించే అమరిక ఉంది, దాన్ని గూస్ అంటారు. కళ్లు తిరగ్గానే ఆపేయండి. పంతానికి పోవద్దు. రీడ్ బిరుసుగా ఉన్నా ఇలాగే అవుతుంది. కొత్తవాళ్లకు తేలికపాటి రీడ్ కావాలని అడిగి తెప్పించుకోవాలి.

స్వరం ఊగడానికి కారణం చెయ్యీ ఊపిరీ ఒకేసారి పని చేయడం. ఊదుతున్నప్పుడు మోచెయ్యి సడలాలి. ఊపిరి పీలుస్తున్నప్పుడు మోచెయ్యి నొక్కాలి. ఒకటి వదిలిన బరువును ఇంకొకటి అందుకోవాలి. బావి దగ్గర చేద లాగేటప్పుడు ఒక చెయ్యి తాడు పట్టుకున్నాకే ఇంకో చెయ్యి వదులుతుంది కదా, అలాగన్నమాట. తిత్తిలో ఒత్తిడి పెరిగితే రీడ్ శ్రుతి పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. చాంటర్, డ్రోన్లు ఒకే మోతాదులో మారవు కాబట్టి శ్రుతి విరిగిపోతుంది.

దీన్ని కళ్లతో చూసి సరిచేసుకునే ఉపాయం ఒకటుంది. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన సన్నటి ట్యూబ్ మూడు మీటర్లు కొనండి. గోడకు ‘యు’ ఆకారంలో, ఒక్కో కాలు మీటరు ఎత్తు ఉండేలా అతికించి, రెండు కాళ్లలోనూ సగం ఎత్తుకు రంగు నీళ్లు పోయండి. ఒక చివర తెరిచి ఉంచండి. రెండో చివరను రంధ్రం చేసిన రబ్బరు బిరడాలోంచి ఒక డ్రోన్ మూతికి బిగించండి. ఇప్పుడు వాయిస్తే ఒక కాలిలో నీళ్లు దిగి, ఇంకో కాలిలో ఎక్కుతాయి. రెండు మట్టాల మధ్య తేడాయే మీ ఒత్తిడి. మామూలు రీడ్లకు అది 30 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, తేలిక రీడ్లకు ఇంకా తక్కువ. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు. ఊదినా నొక్కినా నీటి మట్టం ఒక అంగుళానికి మించి ఊగకూడదు. మొదటి రోజు ఆ నీళ్లు ఎగిరెగిరి పడటం చూస్తే లోపం ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

కొన్ని నిమిషాలయ్యాక పెదవుల మూలల నుంచి గాలి కారడం మొదలవుతుంది. అది కండరాల అలసట. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. నెల తిరిగేసరికి తగ్గుతుంది.

డ్రోన్లను హార్మోనియంతో శ్రుతి చేయబోతే కుదరడం లేదు. (కొర్లగుంట, తిరుపతి)

కుదరదు. పుస్తకంలో ఏ అని రాసిన స్వరం నిజానికి మన ఆరున్నర శ్రుతికి కాస్త పైన పలుకుతుంది. హార్మోనియం ఆరున్నర సుమారు 466 హెర్ట్‌జ్. ఈనాటి చాంటర్ల షడ్జమం 475–485 మధ్య ఉంటుంది. కాబట్టి డ్రోన్లను చాంటర్‌కే కలపాలి.

ముందు అయిదు పది నిమిషాలు వాయించి వాద్యాన్ని వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు చేసిన శ్రుతి నిలవదు. ఒక టెనర్, బాస్ డ్రోన్ల పై మూతులను వేలితో మూసి ఆపేసి, మిగిలిన టెనర్‌ను చాంటర్ స తో కలపండి. గొట్టాన్ని పైకి జరిపితే శ్రుతి దిగుతుంది, కిందికి దింపితే ఎక్కుతుంది. కలవనప్పుడు ‘వొవ్ వొవ్’మని ఉయ్యాల ఊగినట్టు అల వినిపిస్తుంది. గొట్టం జరిపేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తే సరైన దారిలో ఉన్నారు. వేగం పెరిగితే వెనక్కి రండి. మొదటి టెనర్‌కు రెండో టెనర్‌ను, ఆ రెంటికీ బాస్‌ను కలపండి. నాలుగూ కలిసిన క్షణంలో ఊపు పూర్తిగా ఆగి, డ్రోన్లు మాయమైనట్టు అనిపించి, వాటి లోపలి నుంచి పంచమం సన్నగా పైకి లేస్తుంది. తంబుర ముందు కూర్చున్నవాళ్లు ఆ చోటును వెంటనే గుర్తుపడతారు.

చాంటర్‌లో ఒకే స్వరం ఎక్కువ పలుకుతుంటే ఆ రంధ్రం పై అంచు మీద నల్ల ఇన్సులేషన్ టేపు కొద్దిగా అతికించండి, దిగుతుంది. రీడ్‌ను లోపలికి నొక్కితే అన్ని స్వరాలూ ఎక్కుతాయి, పై స్వరాలు ఇంకాస్త ఎక్కువ ఎక్కుతాయి. కొంచెం గట్టిగా నొక్కగానే డ్రోన్ మూగబోతుంటే దాని రీడ్ మీది బిగింపు రింగును ఒక వెంట్రుకవాసి వెనక్కి జరపండి. నాలుక పొడుగై గాలి తీసుకుంటుంది.

మా ఇంట్లో తోలు వస్తువు పూజగది పక్కన పెట్టనివ్వరు. తోలు లేని తిత్తి ఉందా? (శ్రీకాళహస్తి)

ఉంది. గాలి పోని, చెమ్మను మాత్రం వదిలే సింథటిక్ గుడ్డతో చేసిన తిత్తులు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. గొర్రె తోలు, ఆవు తోలు తిత్తులకు లోపల జిగురు మందు పోసి కుట్లు మూసుకునేలా అప్పుడప్పుడు పదును చేయాలి. సింథటిక్‌కు ఆ పని లేదు. జిప్పు ఉన్న రకం తీసుకుంటే లోపల తుడుచుకోవచ్చు, అది చిన్న సౌకర్యం కాదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. తోలు తిత్తి మనకు పరాయిది కాదు. మేకతోలుతో చేసిన తిత్తిని శ్రుతికి వాడే జానపద కళాకారులు మన తెలుగునేలలోనే ఉన్నారు. ఛాతీలోని అవయవాలకు ఊపిరితిత్తులని పేరు పెట్టింది కూడా మన భాషే.

ఏ తిత్తి అయినా తడి ఆరకపోతే ప్రమాదం. రోజూ బ్యాగ్‌పైప్ వాయించే 61 ఏళ్ల మనిషి ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించిన ఉదంతాన్ని, లోపల పెరిగిన బూజే అందుకు కారణమై ఉండొచ్చంటూ, మాంచెస్టర్ వైద్యులు 2016లో థొరాక్స్ అనే వైద్యపత్రికలో ప్రచురించారు. కాబట్టి వాయించాక గొట్టాలన్నీ తీసి, లోపల గుడ్డ లాగి తుడిచి, తిత్తిని ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఎండలో వద్దు. నవంబరు, డిసెంబరు ముసురు రోజుల్లో పెట్టె మూత వేసి వదిలేయకండి. ఆ రోజుల్లోనే జాయింట్ల దగ్గర చుట్టిన మైనపు నారదారం ఉబ్బి గొట్టం బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే చెక్క చీలుతుంది. ఆరనిచ్చి ఊడదీసి, రెండు మూడు చుట్లు తీసేయండి. మే నెలలో దీనికి తిరగబడుతుంది: దారం ఎండి, వాయిస్తుండగానే డ్రోన్ జారిపోతుంది. అప్పుడు నాలుగు చుట్లు కలపండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం అయిదు నిమిషాలు కూడా ఉంచొద్దు.

మాధవమాలలో చెక్కపని బాగా చేస్తారు కదా, ఎర్రచందనంతో చాంటర్ చేయించవచ్చా? (ఏర్పేడు)

ఎర్రచందనం మాట పక్కన పెట్టండి, దానికి అనుమతుల చిక్కులున్నాయి. ఈ వాద్యానికి పేరుపడ్డ కలప ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్. అయినా అసలు కష్టం కలపలో లేదు. మాధవమాల శిల్పుల చేతిపనికి వంక పెట్టలేం. చాంటర్ లోపలి రంధ్రం పైన సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే శంఖాకారం. దాన్ని తొలవడానికి కొలత ప్రకారం చేసిన ప్రత్యేకమైన రీమర్ కావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పై స, కింది స కలవవు. డ్రోన్ల గొట్టాల లోపలి రంధ్రం శంఖాకారం కాక తిన్నగా ఉంటుంది కాబట్టి వాటికి విరిగిన రింగో, టోపీయో అయితే నిశ్చింతగా అక్కడే చేయించుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. చప్పుడు ఇబ్బంది కాదా? (ఎం.ఆర్.పల్లె)

ప్రాక్టీస్ చాంటర్‌తో ఇబ్బంది లేదు, తలుపు వేసుకుంటే చాలు. పూర్తి పైపులు దగ్గరగా 100 డెసిబెల్స్ దాటుతాయి. ఊరి బయట పొలం గట్టుకు వెళ్లండి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. హెడ్‌ఫోన్లతో వాడే ఎలక్ట్రానిక్ చాంటర్లు కూడా ఉన్నాయి. వేళ్ల సాధనకు మంచివే, ఊపిరి సాధనకు పనికిరావు.

నాకు 58 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతున్నాను. మా మనవడికి 9. ఇద్దరం నేర్చుకోవచ్చా? (పీలేరు)

ప్రాక్టీస్ చాంటర్ ఇద్దరూ మొదలుపెట్టండి. పిల్లవాడి కుడి చిటికెనవేలు కింది రంధ్రాన్ని పూర్తిగా మూయగలగాలి, అంతే. మూయలేకపోతే పొట్టి రకం తీసుకోండి. పూర్తి పైపులు మాత్రం అతను ఇంకాస్త ఎదిగాక. మీరు తిత్తి పట్టే ముందు మీ డాక్టరుగారిని తప్పకుండా అడగండి. హెర్నియా, కంటి ఒత్తిడి వంటివి ఉంటే అవి కూడా చెప్పండి.

దగ్గర్లో గురువు లేరు. మొదట ఏ రాగాలు వాయించుకోవచ్చు? (మదనపల్లె)

గ్లాస్గోలోని నేషనల్ పైపింగ్ సెంటర్ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. నెలకొకసారైనా తెలిసినవాళ్లకు మీ చేతులు కనబడేలా వీడియో చూపించండి. స్వరం సరిగ్గా ఉన్నా మణికట్టు వంకర పోవడం మీకు తెలియదు. ఆ లోపు సరళీ స్వరాలు హరికాంభోజిలో వాయించుకోండి. మాయామాళవగౌళ కుదరదు, దాని రి, ద, ని ఈ గొట్టంలో లేవు. హంసధ్వని నిషాదం కూడా దొరకదు. మోహనం పూర్తిగా దొరుకుతుంది, డ్రోన్ల మీద దానికి వచ్చే నిండుదనం వేరు. మధ్యమావతి, శుద్ధ సావేరి కూడా స్వరాల వరకు సరిపోతాయి. గమకం లేకుండా, మంద్రంలో ని కిందికీ తారంలో స పైకీ పోని పాటలు ఎంచుకోవాలి. మోహనం ఆరోహణ అవరోహణలతో మొదలుపెట్టండి. గ నుంచి ప కి వెళ్లేచోట కుడి ఉంగరపువేలు, నడిమివేలు దిగే క్షణమే ఎడమ ఉంగరపువేలు లేవాలి, అప్పుడే కుడి చిటికెనవేలు కూడా లేవాలి. ఆ ఒక్క మలుపునే వారం రోజులు వాయించండి.